స్థిర ఫోర్‌సైట్‌తో రైఫిల్ ఆప్టిక్ వాడకం

నిర్వచనం

రైఫిల్ బారెల్ మీద కదలకుండా బిగించిన ముందు సైట్‌ను తీసేయకుండా, మడవకుండా అలాగే ఉంచి, దాని వెనుక రెడ్ డాట్, హోలోగ్రాఫిక్ సైట్, టెలిస్కోప్ వంటి గాజు సాధనం అమర్చి గురి చూసే పద్ధతి ఇది. ముందు సైట్‌ను భారత సైన్యంలోనూ ఎన్‌సీసీలోనూ ఫోర్‌సైట్ అంటారు. వెనుక సైట్ బ్యాక్‌సైట్. ఈ వ్యాసంలో అవే పదాలు వాడాం. గాజు సాధనాలన్నిటికీ కలిపి ఆప్టిక్ అన్న పేరు తీసుకున్నాం.

ఈ ఏర్పాటు ఏ రైఫిల్‌మీదైనా ఉండవచ్చు. ఎక్కువగా చర్చకు వచ్చేది మాత్రం అమెరికన్ ఏఆర్-15, ఎం16, ఎం4 కుటుంబంలో. అందుకు కారణం వాటి నిర్మాణం. ఆ రైఫిళ్లలో ఫోర్‌సైట్ కేవలం గురి చూసే ముక్క కాదు, యంత్రాన్ని నడిపే భాగం కూడా. తీసేస్తే తుపాకి పనిచేయదు. కాబట్టి ఆప్టిక్ వచ్చి చేరినా అది కదలలేదు. ఆప్టిక్‌లోంచి చూసినప్పుడు ఎదురుగా నిలిచే ఆ లోహపు స్తంభాన్ని ఏం చేయాలన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

లోహపు సైట్లతో గురి చూసే తీరు

లోహపు సైట్లలో కన్ను మూడింటిని ఒకే గీత మీదికి తేవాలి: బ్యాక్‌సైట్ రంధ్రం లేదా గంటు, ఫోర్‌సైట్ కొన, లక్ష్యం. మనిషి కన్ను ఒకేసారి మూడు దూరాలను స్పష్టంగా చూడలేదు. అందుకే శిక్షకులు ఫోర్‌సైట్ కొన మీద చూపు నిలపమంటారు. లక్ష్యం కాస్త మసకబారినా ఫరవాలేదు, కొన మసకబారకూడదు.

దీనికి కారణం లెక్కలో ఉంది. రెండు సైట్ల మధ్య దూరాన్ని సైట్ రేడియస్ అంటారు. ఎం16 రైఫిల్‌లో అది సుమారు 50 సెంటీమీటర్లు, పొట్టి బారెల్ ఉన్న ఎం4లో సుమారు 37 సెంటీమీటర్లు. ఫోర్‌సైట్ కొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినట్టు చూస్తే, 100 మీటర్ల దూరంలో గుండు ఎం16తో సుమారు 20 సెంటీమీటర్లు, ఎం4తో సుమారు 27 సెంటీమీటర్లు తప్పుతుంది. బారెల్ పొట్టిదయ్యేకొద్దీ లోహపు సైట్లు కంటిని ఎక్కువ పరీక్షిస్తాయి. ఆప్టిక్ వైపు సైన్యాలు మొగ్గిన కారణాల్లో ఇదొకటి.

రెండో కారణం ఫోర్‌సైట్ మందం. ఎం16ఏ2 నుంచి వాడుతున్న చదరపు ఫోర్‌సైట్ పోస్టు వెడల్పు రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఎం4 మీద అది కంటి నుంచి సుమారు 44 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, 100 మీటర్ల దగ్గర దాదాపు 40 సెంటీమీటర్ల వెడల్పును కప్పేస్తుంది. అంటే మనిషి ఛాతీ అంత. 4 ఎంవోఏ ఉండే ఎర్ర చుక్క అదే దూరంలో కప్పేది సుమారు 12 సెంటీమీటర్లే. (ఎంవోఏ అంటే డిగ్రీలో 60వ వంతు. 100 మీటర్ల దగ్గర అది 2.9 సెంటీమీటర్లు.)

చరిత్ర

లోహపు సైట్లను ఉంచుకుంటూనే గాజు అమర్చడం ఏఆర్-15 కన్నా చాలా పాతది. రెండో ప్రపంచయుద్ధ కాలపు స్నైపర్ రైఫిళ్లలోనే దీనికి మూడు రకాల పరిష్కారాలు కనిపిస్తాయి. జర్మన్లు 1.5 రెట్ల జెడ్ఎఫ్41 టెలిస్కోప్‌ను మౌజర్ రైఫిల్ బ్యాక్‌సైట్ పక్కన, కంటికి దూరంగా బిగించారు. సోవియట్లు మోసిన్ రైఫిల్ మీద 3.5 రెట్ల పీయూ టెలిస్కోప్‌ను ఎత్తుగా నిలిపి, దాని కిందనుంచి లోహపు సైట్లు కనిపించేలా చేశారు. అమెరికన్లది ఇంకో ఇబ్బంది. ఎం1 గరాండ్‌లో తూటాల క్లిప్పు పైనుంచి దిగాలి. అందువల్ల ఎం1సీ, ఎం1డీ నమూనాల్లో టెలిస్కోప్‌ను ఎడమవైపుకు జరిపారు. సైనికుడు చెంపను ఎడమకు వాల్చి చూడాల్సి వచ్చేది గానీ లోహపు సైట్లు ఎప్పటిలాగే పనికొచ్చేవి. 1963లో సోవియట్ సైన్యంలో చేరిన డ్రాగునోవ్ ఎస్‌వీడీ, దాని 4 రెట్ల పీఎస్ఓ-1 కూడా ఈ ఆలోచనకే కొనసాగింపు.

రెడ్ డాట్ వంశం వేరు. ఐరిష్ దూరదర్శిని నిర్మాత హోవర్డ్ గ్రబ్ 1900లో రిఫ్లెక్టర్ సైట్‌ను రూపొందించాడు. అద్దంలో ప్రతిఫలించే వెలుగు గుర్తు అనంత దూరంలో ఉన్నట్టు కనిపించడం దాని సూత్రం. ఇది ముందు యుద్ధవిమానాల్లోకి వెళ్లింది, చేతి తుపాకుల మీదికి రావడానికి చాలాకాలం పట్టింది. 1970 నవంబరులో ఉత్తర వియత్నాంలోని సాన్ టే ఖైదీల శిబిరం మీద జరిపిన దాడిలో అమెరికన్ సైనికులు తమ పొట్టి రైఫిళ్ల మీద సింగిల్‌పాయింట్ అనే మూసిన గొట్టపు సైట్ వాడారు. దాని లోపలికి చూసే కంటికి చుక్క మాత్రమే కనిపిస్తుంది. రెండో కన్ను లక్ష్యాన్ని చూస్తుంది. మెదడు రెంటినీ కలుపుతుంది. ఆ సైట్‌లోంచి ఫోర్‌సైట్ కనిపించే ప్రసక్తే లేదు కాబట్టి అడ్డన్న ఫిర్యాదూ లేదు. స్వీడన్‌లో 1974లో మొదలైన ఎయిమ్‌పాయింట్ సంస్థ మరుసటి ఏడాది ఎలక్ట్రానిక్ రెడ్ డాట్‌ను అమ్మకానికి తెచ్చాకే చుక్క, లక్ష్యం, ఫోర్‌సైట్ మూడూ ఒకే గాజులో కనిపించే రోజులు వచ్చాయి.

ఎం16 మీద మొదటి ఆప్టిక్‌లు మోతపిడి మీద ఎక్కాయి. బ్యాక్‌సైట్‌ను మోసుకునే ఆ పిడిలో టెలిస్కోప్ బిగించేందుకు రంధ్రం ఉండేది. కోల్ట్ సంస్థ చిన్న 3 రెట్ల టెలిస్కోప్‌ను అలా అమర్చింది. పని జరిగింది గానీ కన్ను చాలా పైకి పోయింది, చెంప కుందా నుంచి లేచిపోయింది. చెంప ఆనడానికి చోటు లేకపోతే గురి నిలకడ తగ్గుతుంది. మోతపిడిని విప్పదీసి, దాని కింద సమతలంగా పట్టా ఉంచిన రిసీవర్లు (బోల్టు ఇమిడే రైఫిల్ నడిమి భాగాలు) వచ్చాక ఆప్టిక్ కిందికి దిగింది. 1995లో ఎంఐఎల్-ఎస్‌టీడీ-1913 ప్రమాణం వెలువడింది. పికటిన్నీ రైల్ అని లోకమంతా పిలిచేది దీన్నే. ఆప్టిక్ కిందికి దిగగానే సరిగ్గా ఫోర్‌సైట్ ఎత్తుకు వచ్చి నిలిచింది. ఈ వ్యాసం చర్చించే సమస్య పూర్తిరూపంలో మొదలైంది అప్పుడే.

అమెరికా సైన్యం 1997లో ఎయిమ్‌పాయింట్ రెడ్ డాట్‌ను ఎం68 పేరుతో తీసుకుంది. మెరైన్లు 2000ల నడుమ ట్రిజికాన్ 4 రెట్ల ఏకాగ్‌ను సాధారణ పదాతి రైఫిళ్ల మీదికి తెచ్చారు. రెండు సందర్భాల్లోనూ ముందున్న ఫోర్‌సైట్ స్తంభాన్ని ముట్టుకోలేదు. అయితే పెంపు ఉన్న గాజును, స్థిర ఫోర్‌సైట్‌ను సాధారణ సైనికుడి చేతికే ఇచ్చిన విషయంలో కెనడాను ముందుగా చెప్పుకోవాలి. అక్కడి సీ7ఏ1 రైఫిల్ 1990ల మొదట్లోనే 3.4 రెట్ల ఎల్కాన్ సీ79తో వచ్చింది, ముక్కోణపు ఫోర్‌సైట్ ముందు అలాగే నిలబడి ఉండగా.

రైఫిల్ నిర్మాణంలో ఫోర్‌సైట్ స్థానం

యూజీన్ స్టోనర్ రూపొందించిన ఏఆర్-15లో కుందా బారెల్‌కు సూటిగా వెనుక ఉంటుంది. కాల్చినప్పుడు రైఫిల్ పైకి ఎగరకుండా భుజంలోకి నేరుగా తన్నడానికి ఈ ఏర్పాటు. దాని పర్యవసానంగా కన్ను బారెల్ కన్నా చాలా పైన ఉంటుంది. అందుకని సైట్లనూ పైకెత్తాలి. గురి గీత బారెల్ గీతకు సుమారు 6.6 సెంటీమీటర్ల (2.6 అంగుళాల) పైన నడుస్తుంది. ముందున్న ముక్కోణపు స్తంభం అంత ఎత్తు ఉండడానికి కారణం ఇదే.

ఆ స్తంభం చేసే పనులు చాలా. బారెల్‌లోని చిన్న రంధ్రం నుంచి వచ్చే మందుగుండు వాయువును పట్టి గ్యాస్ ట్యూబు గుండా వెనక్కి పంపుతుంది. బోల్టు తెరుచుకోవడానికి ఆ వాయువే ఆధారం. బయొనెట్ తగిలించే మొన, భుజపట్టీ కొక్కెం, ముందు పిడి కొనను పట్టే మూత కూడా దాన్ని ఆనుకునే ఉంటాయి. బారెల్ కింద రెండు కోణపు పిన్నులు అడ్డంగా దిగి దాన్ని పట్టుకుంటాయి. ఇది చాలా గట్టి అమరిక. పడినా, గోడకు కొట్టుకున్నా వంగేది చెవుల్లా అటూ ఇటూ ఉన్న రెక్కలే. నడుమ పోస్టు భద్రంగా ఉంటుంది.

పోస్టును మర దిప్పినట్టు తిప్పి ఎత్తు సరిచేస్తారు. ఎం16ఏ1లో గుండ్రటి పోస్టుకు ఐదు గంటులు, ఏ2లో చదరపు పోస్టుకు నాలుగు. స్తంభం మీద ‘అప్’ అన్న బాణం వైపు తిప్పితే పోస్టు కిందికి దిగుతుంది, గుండు పైకి పోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట తికమకపడేది ఇక్కడే. బాణం చూపేది గుండు కదిలే వైపును, పోస్టు కదిలే వైపును కాదు.

సమతల రిసీవర్ ఉన్న ఎం4ల కోసం స్తంభాన్ని సుమారు ఒక మిల్లీమీటరు ఎత్తు పెంచి చేసి, దాని మీద ‘ఎఫ్’ అక్షరం కొట్టారు. పాత ఎత్తు స్తంభం, కొత్త బ్యాక్‌సైట్ కలిస్తే పోస్టును దాని హద్దు దాకా పైకి తిప్పినా గురి కుదరని సందర్భాలు వస్తాయి. విడిభాగాలతో రైఫిల్ కూర్చుకునేవారు ఆ అక్షరం కోసం వెతకడానికి కారణం అదే.

ఆప్టిక్‌లో ఫోర్‌సైట్ కనిపించే తీరు

1. పెంపు లేని సాధనాలు. రెడ్ డాట్‌లో చిన్న దీపం వంపు అద్దం నాభి దగ్గర ఉంటుంది. అద్దం నుంచి వెనక్కి వచ్చే కిరణాలు సమాంతరంగా ఉండటంతో చుక్క లక్ష్యమున్న దూరంలోనే తేలుతున్నట్టు తోస్తుంది. హోలోగ్రాఫిక్ సైట్‌లో లేజర్ వెలుగుతో గాజులో నమోదైన గుర్తు అదే పని చేస్తుంది. ఈవోటెక్ గుర్తు 68 ఎంవోఏ వలయం, నడుమ ఒక ఎంవోఏ చుక్క. రెండింటిలోనూ గాజు కేవలం కిటికీ. ఫోర్‌సైట్ ఆ కిటికీలోంచి ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. చూపు దూరంలోని లక్ష్యం మీద ఉంటుంది కనుక స్తంభం కాస్త మసకగా, కానీ నల్లగా దట్టంగానే తోస్తుంది. రెండు కళ్లూ తెరిచి చూస్తే రెండో కంటికి ఆ స్తంభం అడ్డు లేనందువల్ల మెదడు దాన్ని చాలావరకు చెరిపేస్తుంది.

2. పెంపు ఉన్న సాధనాలు. ఎక్కువమంది ఆశ్చర్యపోయేది ఇక్కడ. 4 రెట్ల గాజు పెడితే స్తంభం నాలుగు రెట్లు పెద్దదై దారి మూసేస్తుందని అనుకుంటారు. నిజానికి అది పల్చని నీడలా కరిగిపోతుంది. పట్టపగలు కంటిపాప వ్యాసం మూడు మిల్లీమీటర్లనుకుందాం. పెంపు లేకపోతే లక్ష్యంలోని ఒక్కో బిందువు నుంచి కంటికి చేరే కాంతి కట్ట మందమూ మూడు మిల్లీమీటర్లే. దానికి అడ్డంగా 1.8 మిల్లీమీటర్ల పోస్టు నిలిస్తే కాంతిలో దాదాపు 70 శాతం ఆగిపోతుంది. అందుకే పోస్టు వెనుక ఉన్నది కనిపించదు. 4 రెట్ల టెలిస్కోప్ అదే కంటిపాపను నింపడానికి ముందు గాజు మీద 12 మిల్లీమీటర్ల వెడల్పు కట్టను పోగుచేస్తుంది. అదే పోస్టు అందులో ఆపేది ఐదో వంతే. 10 రెట్ల దగ్గర 30 మిల్లీమీటర్ల కట్టలో ఆగేది 8 శాతం లోపు. మిగతా కాంతి పోస్టుకు ఇరువైపులా దాటి వచ్చి లక్ష్యం బొమ్మను కడుతుంది. టెలిస్కోప్ దూరపు వస్తువు మీద కుదిరి ఉంటుంది కాబట్టి, అరమీటరు కూడా లేని దూరంలోని స్తంభం అంచులు ఎలాగూ గుర్తుపట్టలేనంత చెదిరిపోతాయి.

అలాగని నష్టం లేకపోలేదు. దృశ్యం కింది నడిమి భాగంలో కాస్త చీకటి, కాస్త రంగు తగ్గుదల మిగులుతాయి. సంధ్యవేళ, నీడలో ఉన్న లక్ష్యాల మీద అది తెలుస్తుంది. రెక్కలు కూడా కాంతి కట్టలోకి వచ్చేంత కిందికి ఆప్టిక్ బిగిస్తే నీడ ఇంకా పెరుగుతుంది.

3. పెంపు మార్చే సాధనాలు. 1 నుంచి 6, 1 నుంచి 8 రెట్ల దాకా మారే టెలిస్కోప్‌లు ఇప్పుడు సైన్యాల్లోకి వస్తున్నాయి. అమెరికన్ మెరైన్లు 2020లో ట్రిజికాన్ 1-8 రెట్ల సాధనాన్ని ఎంచుకున్నారు. వీటిలో ఒకే రైఫిల్, ఒకే స్తంభం రెండు రకాలుగా కనిపిస్తాయి. 1 దగ్గర దట్టంగా నిలుస్తుంది, మీట తిప్పుతుంటే పల్చబడుతూ పోతుంది. ఫోర్‌సైట్ గురించి ఫిర్యాదులు ఎక్కువగా వినిపించేది ఇలాంటి టెలిస్కోప్‌ను 1 దగ్గర పెట్టి వాడేవారి నుంచే, ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. 4 రెట్ల స్థిర గాజు వాడేవారి ఫిర్యాదు మాత్రం చాలాసార్లు రైఫిల్‌ను పక్కనుంచి చూసి ఊహించుకున్నదే.

కో-విట్‌నెస్

రెడ్ డాట్ కిటికీలోంచి లోహపు సైట్లు కూడా ఒకే చూపులో కనిపించడాన్ని కో-విట్‌నెస్ అంటారు. ఇందులో రెండు ఎత్తులు స్థిరపడ్డాయి. ఏఆర్ తరహా రైఫిల్‌లో ఆప్టిక్ నడిగీత పట్టాకు సుమారు 1.41 అంగుళాల (3.6 సెంటీమీటర్ల) పైన ఉంటే ఫోర్‌సైట్ కొన కిటికీ నట్టనడుమ వస్తుంది, చుక్క దాని కొన మీద కూర్చుంటుంది. దీన్ని పూర్తి కో-విట్‌నెస్ అంటారు. నడిగీతను ఇంకో నాలుగు మిల్లీమీటర్లు పెంచి 1.57 అంగుళాలు చేస్తే లోహపు సైట్లు కిటికీ కింది మూడో వంతులోకి దిగుతాయి. చుక్కతో గురి చూసేటప్పుడు నడుమ ఖాళీగా ఉంటుంది. లోహపు సైట్లు కావాలనుకుంటే తల కొద్దిగా దించితే చాలు. మడవడానికి వీల్లేని ఫోర్‌సైట్ ఉన్నవారికి ఈ రెండోదే అనుకూలమని వాడుకలో తేలింది. కేవలం నాలుగు మిల్లీమీటర్లే అయినా ఆ తేడా మెడకు తెలుస్తుంది.

ఇక్కడ తరచూ వచ్చే అపోహ ఒకటుంది. చుక్కను పోస్టు కొన మీదికి తెచ్చి కాల్చాలనుకోవడం తప్పు. చుక్క కిటికీలో ఎక్కడ ఉన్నా, గుండు ఆ చుక్క దగ్గరికే వెళ్తుంది. అతి దగ్గర దూరాల్లో కన్ను పక్కకు జరిగినప్పుడు వచ్చే కొద్దిపాటి పొరపాటు (పారలాక్స్) తప్ప తేడా రాదు. కన్ను కాస్త పక్కకు జరిగితే చుక్క లక్ష్యం మీదే ఉండి, ఫోర్‌సైట్ మాత్రం పక్కకు పోయినట్టు కనిపిస్తుంది. అది లోపం కాదు, సాధనం పనిచేసే తీరే అంత. చుక్క, పోస్టు కొన, బ్యాక్‌సైట్ రంధ్రం మూడింటినీ కలపాలని ప్రయత్నించేవాడు రెడ్ డాట్ ఇచ్చే వేగాన్ని చేజేతులా పోగొట్టుకుంటాడు.

జీరో చేయడం

గుండు ఎంత దూరంలో గురి గీతను తాకాలో నిర్ణయించి సైట్లను దానికి కుదర్చడమే జీరో. ఎం16ఏ2, ఎం4 లోహపు సైట్లను 25 మీటర్ల దగ్గర కుదిర్చి 300 మీటర్లకు సరిపోయేలా చేసే పద్ధతి అమెరికా సైన్యంలో స్థిరపడింది. గుండు గురి గీతకు 6.6 సెంటీమీటర్ల కింద బారెల్ నుంచి బయలుదేరి, పైకి లేచి ఆ గీతను ఒకసారి దాటి, దూరం పోయాక దిగుతూ మరోసారి దాటుతుంది. కొన్ని మీటర్ల దూరంలోని లక్ష్యం మీద మాత్రం గుండు చుక్కకు దాదాపు ఆరు సెంటీమీటర్ల కింద తగులుతుంది. గదుల్లో కాల్పులు సాధన చేసేవారికి మొదటి రోజే ఇది నేర్పుతారు.

లోహపు సైట్లు, ఆప్టిక్ వేర్వేరుగా జీరో అవ్వాలి. మొదట లోహపు సైట్లను కాల్చి కుదిర్చి, తరవాత చుక్కను పోస్టు కొన మీదికి తెచ్చుకుంటే అది దారి చూపే ప్రారంభం మాత్రమే. మళ్లీ కాల్చి సరిచూసుకోవాల్సిందే. రెండింటికీ వేర్వేరు దూరాలు ఎంచుకుంటే చుక్క పోస్టు కొన మీద సరిగ్గా కూర్చోదు. దాన్ని చూసి ఆప్టిక్ కదిలిందని కంగారుపడడం మామూలే. ముందుగా రెండూ ఏయే దూరాలకు జీరో చేసినవో చూసుకోవాలి. ఒకే దూరానికి చేసి ఉండి, తల స్థానం మార్చకుండా చూసినప్పుడు చుక్క, కొన ఒకదానికొకటి దూరమైతే అప్పుడు మౌంటు మరలు వదులయ్యాయేమో పరీక్షించాలి. స్థిర ఫోర్‌సైట్ ఇక్కడ ఉచితంగా దొరికే కొలబద్ద. ప్రతి ఉదయం ఒక్క చూపుతో ఆప్టిక్ కదిలిందో లేదో చెప్పేస్తుంది. మడత సైట్లు ఉన్నవారు ఆ పని కోసం వాటిని లేపాలి.

ఆప్టిక్ చెడిపోయినప్పుడు

బ్యాటరీ అయిపోవడం, గాజు మీద బురద, మంచు, లోపల ఆవిరి పట్టడం, దెబ్బకు పగిలిపోవడం ఆప్టిక్‌కు వచ్చే ఆపదలు. ట్రిటియంతో వెలిగే గుర్తులకు బ్యాటరీ అక్కర్లేదు గానీ ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు. అంటే పన్నెండేళ్లు దాటేసరికి వెలుగు సగమవుతుంది.

బ్యాక్‌సైట్ కూడా ఉంటే పూర్తి కో-విట్‌నెస్ ఉన్న రైఫిల్‌తో చుక్క ఆరిపోయినా ఆగకుండా గురి చూడవచ్చు. బ్యాక్‌సైట్ లేనప్పుడు ఒంటరి ఫోర్‌సైట్‌ను సైట్ అనలేం, అది గీతకు ఒక కొస మాత్రమే. అయినా ఆరిపోయిన రెడ్ డాట్ గొట్టాన్నే పెద్ద రంధ్రంగా భావించి, పోస్టును దాని నడుమ నిలిపి దగ్గరి లక్ష్యాలను కొట్టే అలవాటు శిక్షణల్లో ఉంది. దూరానికి అది పనికిరాదు. టెలిస్కోప్ చెడితే ఇదీ సాధ్యం కాదు. గాజును విప్పి తీసేయాలి, లేదా పక్కన మరో సైట్ ఉండాలి. బ్రిటిష్ సుసాట్ టెలిస్కోప్, ఆస్ట్రియన్ ఏయూజీ రైఫిల్ వంటి వాటిలో ఆపద్ధర్మ గంటును టెలిస్కోప్ ఒంటి మీదే పెట్టడం ఈ ఇబ్బందిని చూసే.

పరిమితులు, ప్రత్యామ్నాయాలు

స్థిర స్తంభం అసలు ఇబ్బంది గాజులో కన్నా బారెల్ దగ్గర ఎక్కువ. ముందు పిడి దాని దగ్గర ఆగిపోవాలి. పిడి దానికి ఆనుకున్నంతకాలం భుజపట్టీ లాగినా, రెండు కాళ్ల స్టాండు మీద ఆనించినా ఆ ఒత్తిడి బారెల్‌కు చేరి గుండు కొద్దిగా పక్కకు పోతుంది. బారెల్‌ను తాకకుండా నిలిచే పొడవాటి పిడి కావాలంటే స్తంభం పోవాలి. పిడి పైన అమర్చిన లేజర్ కిరణం స్తంభానికి తగిలి చెదరడం రాత్రి సాధనాలు వాడేవారికి మరో చిరాకు.

అందుకని కొందరు స్తంభం పైభాగాన్ని కోసి గ్యాస్ భాగాన్ని మాత్రం ఉంచుతారు. పిన్నుల గట్టితనం నిలుస్తుంది, స్తంభం నీడ పోతుంది. మరికొందరు తక్కువ ఎత్తు గ్యాస్ బ్లాకు వేసి, పిడి చివర మడత ఫోర్‌సైట్ పెడతారు. హెక్లర్ అండ్ కోక్ 416 రైఫిల్, దాని నుంచి వచ్చిన మెరైన్ల ఎం27 మడత సైట్ల దారి పట్టాయి. 45 డిగ్రీల వంపులో పక్కకు పెట్టే లోహపు సైట్లు ఇంకొక మార్గం. రైఫిల్‌ను కొద్దిగా వంచితే అవి కంటి ముందుకు వస్తాయి, టెలిస్కోప్ తన చోట ఉంటుంది. ఇటీవల 1.93 అంగుళాల ఎత్తు మౌంట్లు వాడుకలోకి వచ్చాక చాలామందికి స్తంభం కనిపించడమే తగ్గిపోయింది. గాజు దాని మీదుగా చూస్తుంది. దానికి మారుగా చెంప మళ్లీ కుందా నుంచి లేస్తుంది. మోతపిడి కాలపు సమస్యే చిన్న రూపంలో తిరిగొచ్చిందన్నమాట.

ఏకే కుటుంబం

కలాష్నికోవ్ రైఫిళ్లలో ఫోర్‌సైట్ బారెల్ మూతి దగ్గరే ఉంటుంది. గ్యాస్ బ్లాకు దాని వెనుక వేరుగా ఉంటుంది. ఏకేఎంలో సైట్ రేడియస్ 37.8 సెంటీమీటర్లు. గురి గీత బారెల్‌కు ఏఆర్ కన్నా దగ్గరగా నడుస్తుంది కాబట్టి పైన బిగించిన ఆప్టిక్ ఎక్కువగా ఫోర్‌సైట్ మీదుగా చూస్తుంది. పక్క పట్టా మీద ఎక్కించే టెలిస్కోప్‌ల కిందనుంచి లోహపు సైట్లు వాడుకోవచ్చు. అంటే ఇక్కడ ఫోర్‌సైట్ అడ్డు అన్న ప్రశ్న పెద్దగా లేవదు. పూర్తి కో-విట్‌నెస్ కావాలంటేనే ఆప్టిక్‌ను చాలా కిందికి దించాల్సి వస్తుంది.

భారతదేశంలో

భారత సైన్యం 1990ల చివర్లో తీసుకున్న ఇన్సాస్ రైఫిల్‌లోనూ, ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ దగ్గర కోర్వాలో తయారవుతున్న ఏకే-203లోనూ ఫోర్‌సైట్ స్థిరమైనదే. ఏకే-203 పైమూత మీద ఆప్టిక్ బిగించే పట్టా ఉంది. 2019లో 72,400 సంఖ్యలో ఆర్డరిచ్చిన సిగ్ 716 రైఫిల్ ఏఆర్ వంశానిదే. ప్రత్యేక దళాలు ఇజ్రాయెల్ టావోర్ మీద బ్యాటరీ అక్కర్లేని మెప్రో ఎం21 రిఫ్లెక్స్ సైట్ వాడుతూ వచ్చాయి.

తెలుగునేలకు ఈ రంగంతో ఉన్న సూటి సంబంధం మచిలీపట్నంలో ఉంది. అక్కడి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తన యూనిట్‌గా కలుపుకుంది. సైన్యానికి రాత్రి దృష్టి సాధనాలు, ఇతర దృశ్య పరికరాలు అక్కడ తయారవుతాయి.

క్రీడా షూటింగ్‌లో కథ తారుమారు. ఒలింపిక్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో టెలిస్కోప్ సైట్లకు అనుమతి లేదు. వలయాకారపు ఫోర్‌సైట్, వెనుక రంధ్రం మాత్రమే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచింది అటువంటి సైట్లతోనే. ఎన్‌సీసీ కేడెట్లు .22 రైఫిల్‌తో నేర్చుకునే మొదటి పాఠమూ ఫోర్‌సైట్ కొనను బ్యాక్‌సైట్ నడుమ నిలపడమే. దేశంలో ఆయుధాల స్వాధీనం, వాడకం 1959 ఆయుధ చట్టం కిందికి వస్తాయి. ఎం4, ఇన్సాస్ వంటి రైఫిళ్లు పౌరులకు నిషిద్ధ శ్రేణిలోనివి.